నలభైమూడో నంబరు సీసా

ఆ సోమవారం పొద్దున గుణవతి తాను పుట్టి పెరిగిన తోట కూలీల ఇళ్ళ లైన్లలోకి ఇంటి పిల్లలా కాకుండా యూనివర్సిటీ మనిషిలా వచ్చింది. ఒంటి మీద తెల్ల కోటు, చేతిలో పెన్సిలూ పుస్తకమూ. వెనకాల పకీరిసామి చెక్కపెట్టె భుజాన పెట్టుకుని నడుస్తున్నాడు. పెట్టె నిండా చిన్న చిన్న గాజు సీసాలు. ఒక్కో సీసాకు ఒక్కో నంబరు.

సింగపూరులో ఉన్న యూనివర్సిటీ చక్కెర జబ్బు పరిశోధన కోసం తెలుక్ ఆన్సన్‌లో రెండు గదుల లాబొరేటరీ ఒకటి తెరిచి అప్పటికి పది నెలలు. తోటల్లో ఎండనక వాననక పనిచేసే మనుషులకు ఈ జబ్బు ఎందుకొస్తోంది, ఎంతమందికి వస్తోంది అన్నది తేల్చాలి. అందులో ముగ్గురే మనుషులు. డాక్టర్ శివగామి పెద్ద. బడి చివరి పరీక్ష సీనియర్ కేంబ్రిడ్జి పాసైన గుణవతి అసిస్టెంటు. సీసాలు కడగడం, పొయ్యి వెలిగించడం, కుందేళ్ళకు మేత వేయడం పకీరిసామి పని. వారమంతా గుణవతి నర్సుల హాస్టల్లో ఉండి, శనివారం బస్సెక్కి సుంగై సుమున్ దగ్గరున్న కొబ్బరి తోటకు, అమ్మానాన్నల దగ్గరకు వచ్చేది.

ఇప్పుడు వాళ్ళ తోట వంతు వచ్చింది. ఈ విడత మగవాళ్ళవి, వచ్చే నెల ఆడవాళ్ళవి. డాక్టరమ్మ పెట్టిన నియమం ఒక్కటే. ఏ మనిషి సీసా ఆ మనిషి చేతి నుంచే తీసుకోవాలి. ఇంకొకరు తెచ్చిస్తే పుచ్చుకోకూడదు. గుణవతి నూటముప్పై ఎనిమిది సీసాలూ అలాగే తీసుకుంది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఆమె ఇంటిది. గుమ్మంలోకి వెళ్ళేసరికి తండ్రి తిమ్మయ్య లేడు. ఆయన మండోరు, కూలీల గుంపుకు మేస్త్రీ. తన గుంపును వరసగా నిలబెట్టి హాజరు చెప్పించాలి కాబట్టి తోటలో పెరట్టు అని పిలిచే హాజరు మైదానానికి అందరికన్నా ముందే వెళ్ళిపోతాడు. తల్లి కన్నియమ్మ చెంబెత్తి నీళ్ళు తాగుతూ కనిపించింది. చెంబు దించి, మూతి తుడుచుకుని, ఆదివారం గుణవతి ఇంట్లో ఇచ్చి ఉంచిన సీసాను కిటికీ గట్టు మీంచి తీసి అందించింది.

“మీ అయ్య ఇచ్చీసి ఎల్లినాడు. పట్టుకెల్లు.”

“అయ్య చేత్తోనే ఇవ్వాలమ్మా.”

“సొంత ఇంట్లో గూడా అనుమానమేటి? బేగి ఎల్లు, ఎండెక్కిపోతంది.”

గుణవతి నవ్వి నలభైమూడో నంబరు సీసాను పెట్టెలో పెట్టింది. పుస్తకంలో ఆ నంబరు ఎదుట ‘చేతికి చేయి’ అన్న గడిలో టిక్కు పెట్టింది. పెడుతున్నప్పుడు మనసులో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది కానీ, నాన్నే కదా అనుకుంది.

మధ్యాహ్నం లాబొరేటరీలో పని మొదలైంది. నీలం రంగు మందు పోసిన గాజు గొట్టాలను వరసగా పెట్టి, ఒక్కోదానిలో ఎనిమిదేసి చుక్కల మూత్రం వేసి, మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెముంటే ఆకుపచ్చ, ఎక్కువుంటే పసుపు, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. పకీరిసామి గొట్టాలు పైకి తీసి నంబర్లు చదువుతుంటే గుణవతి రాసుకుంటోంది.

“నలభైఒకటి నీలం. నలభైరెండు నీలం. నలభైమూడు...” ఆయన ఆగి గొట్టాన్ని కిటికీ వెలుగులోకి పట్టాడు. “అచ్చం ఇటుకే, తంగచ్చీ” అన్నాడు, చెల్లెల్ని పిలిచినట్టు. “ ఈ పెట్టెలో ఇంత ఎరుపు ఇదొక్కటే. పాపం ఎవరో.”

గుణవతి పెన్సిలు ఆగిపోయింది. నంబర్ల వెనకాల పేర్లు పకీరిసామికి తెలియవు. ఆమెకు తెలుసు. ఒక్కసారిగా తండ్రి మెడకింద పైకి తేలిన ఎముకలు, వదులైపోయిన నిక్కరు, మొన్న శనివారం మెట్టు మీద కూర్చుని ఆయన తాగిన నీళ్ళు కళ్ళముందు కదిలాయి. ఏడాదిగా ఆయన చిక్కిపోవడం ఆమె చూస్తూనే ఉంది. వయసు అనుకుంది. తోటను అమ్మేస్తున్నారన్న దిగులు అనుకుంది.

డాక్టర్ శివగామి విషయం విని కంగారు పడలేదు. “ఒక్క సీసా చూసి ఎవరికీ సూది వేయం, గుణవతీ. గురువారం మీ నాన్నగారిని ఏమీ తినకుండా రమ్మను. రక్తం చూద్దాం” అంది.

గురువారం మొదటి బస్సుకే తిమ్మయ్య వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. కూతురు పనిచేసే చోటు ఆయన చూడడం అదే మొదటిసారి. గోడ మీద పెద్ద అక్షరాల కాగితం ఒకటి అంటించి ఉంది. అతిగా దాహం, అతిగా ఆకలి, తిన్నా చిక్కిపోవడం, మానని పుండు. ఈ నాలుగు గుర్తులనూ గుణవతి తన చేత్తో మూడు భాషల్లో రాసింది. తిమ్మయ్యకు చదవడం రాదు గనక దస్తూరీని మెచ్చుకున్నాడు.

“నువ్వే రాసినావా? అచ్చు గుద్దినట్టుంది.”

వేలి మీద గుచ్చి రక్తం తీశారు. గ్లాసుడు గ్లూకోజు నీళ్ళు తాగించారు. తర్వాత అరగంటకోసారి మళ్ళీ మళ్ళీ తీశారు. ఆయన బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో కూర్చున్న పిల్లాడిలా కదలకుండా కూర్చున్నాడు. గుణవతి ఆ గొట్టాల వైపు చూడలేక కుందేళ్ళ గదిలోకి వెళ్ళి నిలబడింది.

పన్నెండింటికి డాక్టరమ్మ బయటకు వచ్చింది. “అయ్యా, మీకు చక్కెర జబ్బు లేదు. ఏ కోశానా లేదు. కాకపోతే మీరు తిండి సరిగా తినడం లేదు. బాగా తినండి” అని తమిళంలో చెప్పింది. తిమ్మయ్య తలూపి, చేతులు జోడించి, రెండు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసింది.

“నలభైమూడో సీసా ఎవరి చేతిలోంచి తీసుకున్నావు?”

గుణవతి ఉన్నదే చెప్పింది. “మా అమ్మ చేతిలోంచి.”

“పుస్తకంలో టిక్కు ఉంది.”

“నేనే పెట్టాను, డాక్టరమ్మా.”

“ఇంకా ఎన్ని ఇలా తీసుకున్నావు?”

“అదొక్కటే. మిగిలినవన్నీ ఎవరిది వాళ్ళ చేతి నుంచే.”

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “నువ్వు చెప్పేది నేను నమ్ముతాను. కానీ ఈ పుస్తకం నిన్ను ఎరగనివాళ్ళు చదువుతారు. ఒక టిక్కు అబద్ధమైతే మిగతా నూటముప్పై ఏడూ నిజమని వాళ్ళు ఎందుకు నమ్మాలి? ఆ తోట సీసాలన్నీ పారబోయాల్సిందే.” కొంచెం ఆగి మళ్ళీ అంది. “అది తర్వాతి సంగతి. ఆ సీసాలో ఉన్నది ఒక మనిషిది. ఆ మనిషి జబ్బు ముదిరి ఉంది. ఈపాటికి మందు పడాలి. ఎవరో కనుక్కునిరా.”

శనివారం బస్సులో గుణవతి కోపాన్ని మూట కట్టుకుని కూర్చుంది. తోట గేటు దగ్గర స్పెషల్ కానిస్టేబుల్ ఆమె సంచీ వెతికాడు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు తిండి చేరకూడదని లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేసి రెండేళ్ళయింది. ఇళ్ళల్లో బియ్యం ఉంచుకోకూడదు. గేటు పక్కనే వంటశాల పెట్టి మనిషికింత అని వండిన అన్నమే కొలిచి ఇస్తారు. పనికి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నానికి ఒక్క ముద్ద కూడా బయటకు తీసుకుపోకూడదు. మరో రెండు వారాల్లో మెర్డెకా, దేశానికి స్వాతంత్ర్యం, అంటూ గేటు మీద కాగితపు జెండాలు కట్టారు కానీ, కంచె కంచెలాగే ఉంది.

కన్నియమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. కూతుర్ని చూసి చేతులు కడుక్కుని లేచింది.

“ఎండలో వచ్చినావు. కూకో, నీళ్ళిస్తాను.”

“నీళ్ళొద్దు. ఆ సీసాలో ఏం పోసి ఇచ్చినావమ్మా?”

“ఏ సీసా?”

“అయ్యది అని నాకిచ్చినావే, ఆ సీసా. అది అయ్యది కాదు.”

కన్నియమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంది. “మీ డాక్టరమ్మ మీ అయ్యకేటీ లేదని సెప్పీసింది గదా. ఇంకేటి కావాలి?”

“నిజం కావాలి. ఆ ఒక్క సీసా వల్ల నూటముప్పై ఏడు సీసాలు పారబోస్తున్నారు. అంతమంది మగాళ్ళు తెల్లవారే లేచి వరసలో నిలబడి ఇచ్చినారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఎవరి చేతిలోంచి తీసుకున్నావని డాక్టరమ్మ అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు. మా అమ్మే నాతో అబద్ధమాడింది అని చెప్పుకోవాలా?”

ఆ మాటకు కన్నియమ్మ మొహం మాడిపోయింది. మెట్టు మీద కూలబడింది.

“నానే సేసినాను. మీ అయ్యకి తెలీదు. ఆయన పోసి ఉంచింది నాను పారబోసీసినాను.”

“ఎందుకు?”

“తోట కొనడానికి కొత్త తవుకే, సీనా సావుకారు, వస్తన్నాడని ఆపీసులో లెక్కలు రాసే కిరాణి సెప్పినాడు. జబ్బోల్లని ఉంచుకోడంట. పనిలోంచి తీసీసిన రోజే ఇల్లు గూడా కాళీ సేయమంటాడంట. ముప్పై ఏళ్ళనించి ఈ గోడల మజ్జనే ఉన్నాం. ఎక్కడికి పోతాం?” ఆమె గొంతు తగ్గింది. “మీ అయ్య సిక్కి సగమైపోనాడు. ఇంటికొచ్చి ముందు నీళ్ళు తాగుతాడు. ఆ రెండూ జబ్బు గుర్తులని నువ్వే గదా సెప్పినావు, ఈ మెట్టు మీద కూకుని. నాను మనసులో పెట్టుకున్నాను. ఆయన సీసాలో జబ్బు బయటపడితే ఏటైపోతామో అని బయపడినాను.”

గుమ్మంలో నీడ పడింది. పని ముగించుకుని వచ్చిన తిమ్మయ్య కొడవలి గోడకు ఆనించి అక్కడే నిలబడిపోయాడు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఆయన్ని చూడలేదు.

“పేర్లు ఆఫీసుకు పోవమ్మా. నంబర్లే పోతాయి. ఒక్కమాట నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా” అంది గుణవతి. కోపం ఇంకా దిగలేదు. “సరే, ఎవరిది పోసినావు? పక్కింటోళ్ళదా? ఆ మనిషికి వెంటనే మందు కావాలి. ఎవరో చెప్పు.”

కన్నియమ్మ తెల్లబోయి చూసింది. “ఎవరిదేటి? నాదే.”

“నీదా?”

“ఇంకొకల్ని అడిగితే ఊరంతా అయిపోదేటి? నాకేం జబ్బు? రాయిలాగున్నాను. పూటకి గిన్నె నిండా కూడు తింటన్నాను. తిన్న గంటకే మల్లీ ఆకలేస్తంది. జబ్బు మనిసికి అంత ఆకలుంటదేటి?”

గుణవతి తల్లి వైపు చూసింది. చూడడం అంటే ఇన్నాళ్ళలో మొదటిసారి చూడడమే. భుజాల మీంచి జారిపోతున్న రవిక. మోచేతికి ఎక్కిపోయిన గాజులు. ఎడమ పాదం మీద గుడ్డ కట్టు. కొబ్బరి డొక్క గుచ్చుకుందని రెండు నెలల కిందట చెప్పింది, ఇంకా కట్టు అలాగే ఉంది. ఎప్పుడొచ్చినా పక్కనే ఉండే నీళ్ళ చెంబు. ఎంత తిన్నా అమ్మకు ఒంటికి పట్టదు అని తనే నవ్వుతూ హాస్టల్లో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. గోడ మీద మూడు భాషల్లో రాసింది ఎవరి కోసం?

“అమ్మా” అంది. వంగి ఆ కట్టు విప్పబోయింది.

తిమ్మయ్య లోపలికి వచ్చాడు. “ఏటైంది? అది ఎవలిదన్నావు?”

గుణవతి తండ్రికి మెల్లగా చెప్పింది. సీసాలో ఉన్నది అమ్మది. జబ్బు అమ్మకు. ఆ ఆకలీ ఆ దాహమూ ఆ పుండూ అన్నీ అదే. ఆయన విన్నాడు. విని భార్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆకలి జబ్బేటి?” అన్నాడు. “ఆకలి జబ్బని నాకు తెలీదే.”

“అయ్యా, నువ్వెందుకు ఇలా చిక్కిపోయినావు? డాక్టరమ్మ తిండి లేదంది. వంటశాలలో నీ వంతు అన్నం నీకు ఇస్తున్నారు కదా.”

 చెప్పకపోతే ఇద్దరూ వదలరని తెలిసి ఆయన చెప్పాడు.

“రెండు గిన్నెలూ నానే తెస్తాను గదా. గేటు కాడినించి ఇంటికొచ్చే దార్లో నా గిన్నెలోది సగం మీ అమ్మ గిన్నెలో ఏసీసేవోన్ని. అది గిన్నె నాకేసి, అడుగున నీళ్ళు పోసుకు తాగడం ఓనాడు సూసినాను. నాను సూస్తన్నానని తెలీక సాటుగా తాగింది. అడిగితే ఒప్పుకోదు. అందుకే సెప్పకుండా ఏసినాను. ఏడాది పైనే అయింది. నాకు ఎండ, దాహం తప్పితే ఇంకేటీ లేదు.”

కన్నియమ్మ నోరు తెరిచి ఆయన వంక చూసింది. “నా గిన్నెలో ఉన్నది నా వంతే అనుకున్నాను.”

“అలాగే అనుకోవాలనే ఏసినాను.”

“ఎండలో మైళ్ళు తిరిగొచ్చి నా ముందర కూకుని, కడుపు నిండిందని తేన్పు గూడా తెచ్చుకునేవోడివి. నాను నమ్మినాను.” ఆమె కళ్ళ నీళ్ళు బుగ్గల మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. “నీకు జబ్బని నాను ఏడాదినించి కుములుతన్నాను. ఆకలని తెలిస్తే... నాకు ఒక్క మాట సెప్పొద్దా?”

“నువ్వు సెప్పినావా, సీసా సంగతి?”

 తిమ్మయ్య కూతురి వైపు తిరిగాడు. ఆయన గొంతులో అలాంటి భయం గుణవతి ఎప్పుడూ వినలేదు. తిరుగుబాటుదార్లు అడవిలోంచి వచ్చి షెడ్లు తగలబెట్టిన ఏడాది కూడా వినలేదు.

“గుణా, నిజం సెప్పు. నాను పెట్టిన కూడే దానికి ఇసమైపోనాదా?”

గుణవతి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. లాబొరేటరీలో పది నెలలు నేర్చుకున్నదంతా ఆ క్షణంలో ఎందుకూ కొరగానట్టనిపించింది. అయినా నిజమే చెప్పాలి, తక్కువ కాకుండా, ఎక్కువ కాకుండా.

“అన్నం వల్ల జబ్బు రాలేదు, అయ్యా. జబ్బు లోపలే ఉంది. అన్నం ఎక్కువైతే చక్కెర ఇంకా పెరుగుతుంది, అది నిజం. కానీ నువ్వు ఆకలి చూసి పెట్టినావు. జబ్బు చూడాల్సింది నేను. అది నా పని. నేను చూడలేదు.”

 పక్కింట్లో ఎవరో రేడియో పెట్టారు. కన్నియమ్మ చేయి చాపి కూతురి తల మీద పెట్టింది.

“నువ్వు కోప్పడినావు. కోప్పడితే తప్పేటి లేదు. మరి ఆ టిక్కు సంగతి డాక్టరమ్మకి ఏటి సెప్తావు?”

“ఉన్నది ఉన్నట్టు చెప్తాను.”

సోమవారం గుణవతి తల్లిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. రక్తం చూసిన డాక్టరమ్మ ఆ రోజే కన్నియమ్మను ఆస్పత్రి వార్డులో చేర్పించింది. ఇంకో నెల ఆలస్యమైతే పాదం మిగిలేది కాదేమో అని గుణవతికి విడిగా చెప్పింది. గుణవతి ఒక కాగితం మీద జరిగింది మొత్తం రాసి సంతకం పెట్టి ఇచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టింది.

“ఆ తోటకు మళ్ళీ వెళ్ళి మళ్ళీ సీసాలు తీసుకోవాలి. ఈసారి నేనే వెళ్తాను. మూడు నెలలు నువ్వు బయటి పనికి రావద్దు. పకీరిసామితో సీసాలు కడుగు.”

“సరే, డాక్టరమ్మా.”

“ఉద్యోగం తీసేస్తానని అనుకున్నావా?”

“అనుకున్నాను.”

“టిక్కు పెట్టినందుకు తీసేయాలి. ఈ కాగితం రాసినందుకు ఉంచుతున్నాను” అని డాక్టరమ్మ మళ్ళీ తన పనిలో పడింది. వెనక గదిలో పకీరిసామి ఏమీ అడక్కుండా ఒక బ్రష్షు, ఒక సబ్బుముక్క గుణవతి ముందు పెట్టి, తన స్టూలు ఆమె వైపు జరిపాడు.

మెర్డెకా రోజున కన్నియమ్మ వార్డులోనే ఉంది. నర్సులు రేడియో పెద్దది చేశారు. తిమ్మయ్య మంచం పక్కన నిలబడి విన్నాడు. వీధిలో బాణాసంచా మోగుతుంటే, డాక్టరమ్మ ఆయన చేతికి ఒక బత్తాయి, ఒక సిరంజి ఇచ్చింది. ఇంటికెళ్ళాక రోజూ సూది వేయాల్సింది ఆయనే. వారమంతా కూతురు ఉండదు కదా. ముప్పై ఏళ్ళు కొడవలి పట్టిన వేళ్ళకు ఆ సన్నటి సూది నిలవలేదు. నాలుగు బత్తాయిలు పాడుచేశాక ఐదోదానికి చేయి కుదిరింది.

సెప్టెంబరు రెండో ఆదివారం కన్నియమ్మ ఇంట్లో ఉంది. మందూ సూదీ లోపలికి రానివ్వడానికి డాక్టరమ్మ రాసిన ఉత్తరం గేటు దగ్గర చూపించి వచ్చారు. తిమ్మయ్య సిరంజి మరిగించి, చేతులు రెండుసార్లు కడుక్కుని, గీతలు లెక్కపెట్టి మందు ఎక్కించాడు. గుణవతికి చేయి చాపి సర్దాలనిపించింది. చాపకుండా గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన భార్య చేతి కండను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గుచ్చాడు.

“నొప్పెట్టినాదా?”

“లేదు” అంది కన్నియమ్మ. ఆయన సూది తీసి పక్కన పెట్టేదాకా ఆగి, మొహంలోకి చూస్తూ అడిగింది. “ఈయేల నువ్వు కడుపునిండా తిన్నావా? నిజం సెప్పు.”

“తిన్నాను.”

ఆమె ఆ మాట నమ్మలేదు. తల తిప్పి కూతురి వైపు చూసింది.

“తిన్నాడమ్మా” అంది గుణవతి.  “పక్కనే కూర్చుని చూసినాను. గిన్నె అడుగు దాకా తిన్నాడు.”

అప్పుడు కన్నియమ్మ చీర చెంగు భుజం మీదికి లాక్కుని, భర్త చేయి పట్టుకుని లేచి నిలబడింది.